గోడ పక్కన లారీ

వెనుక సీట్ల కూసున్న సోమేశ్వరరావు సారు మల్లొకపారి గడియారం చూసుకున్నడు. బండి నడుపుతున్న స్వామి అద్దంలకెళ్ళి అది చూసిండు, చూసి పండ్లు కొరికిండు. చూసుకో సారూ, మంచిగ చూసుకో, రాత్రి రెండు నలభై కావాలె గదా నీకు, సచ్చినోడు సచ్చిన టైముకే, సచ్చిన తొవ్వలనే పోయి చూడాలె గదా, లేకుంటే నీ కాయితం నిండదాయె. హైటెక్ సిటీల కంపెనీ గేటు దాటిన కాంచి సారు ఒళ్ళె అట్ట, అట్టకు పెట్టిన తెల్ల కాయితం, చేతిల చిన్న టార్చిలైటు. కంపెనీ బండ్లకు సేఫ్టీ ఆఫీసరు ఆయన. రాత్రి పూట బండి కొట్టుకొని మనిషి పోతే ఎందుకు పోయిండో కనిపెట్టి రాయాలె, అదీ ఆయన కొలువు. కాయితం మీద గళ్ళు కొట్టి ఉన్నయి. నిద్రమత్తు, మద్యం, అతివేగం, వెలుతురు, బండి కండిషన్, ఆగి ఉన్న వాహనం. నిద్రమత్తు గడిల టిక్కు పొద్దుగాలనే పడ్డది. టిక్కు పెట్టినంక తొవ్వ చూడబోతున్నడు, ఏం సక్కదనం! కింద ఒక జాగ ఖాళీగ ఉన్నది, సాక్షి సంతకం అని. అది స్వామిది. అజయ్ తనంతట తానే, ఎవ్వలికి చెప్పకుంట, స్వామి బండి తీస్కపోయిండు, నిద్రల లారీకి గుద్దిండు అని రాసినదాని కింద స్వామి చెయ్యి పెట్టాలె. పెడితే మీ ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాదండి, నాదీ పూచీ అన్నడు పొద్దుగాల. అండి! అండి అండి అనుకుంటనే గొంతు మీద కాలు పెడతరు గీళ్ళు. అజయ్ ఎవలనుకుంటున్నవ్ సారూ? నా పెండ్లాం వసంత తోడబుట్టిన తమ్ముడు. నా బామ్మర్ది. స్టీరింగ్ పట్టుడు నేను నేర్పిన పిలగాడు. నిన్ననే వాని పదకొండో దినం జేసినం, నా నెత్తి మీది బోడి గుండు కనబడుతలేదా నీకు?

కొత్తగూడ చౌరస్తా దాటినంక తొవ్వ మీద దీపాలు ఖతం. సకల జనుల సమ్మె మొదలువెట్టి నెల కావస్తున్నది. సింగరేణిల బొగ్గు బాయిలు బందు, బస్సులు బందు, బడులు బందు, కరెంటు ఉంటే ఉన్నట్టు లేకుంటే లేనట్టు. అద్దాల బిల్డింగులు మాత్రం జనరేటర్లు పెట్టుకొని మా జోలి గాదన్నట్టు వెలుగుతున్నయి. ఆ వెలుగు తొవ్వ మీదికి ఒక్క ఇసుమంత రాదు, లోపల్లోపలనే తినుకుంటరు. "వెలుతురు శూన్యం" అని గొణుక్కుంట రాసుకున్నడు సారు. రాసుకొని ఊకుంటె మంచిగుండు. "మీ సమ్మె పుణ్యమే కదండీ ఇదంతా" అన్నడు. నోటికొచ్చిన తిట్టు నోట్లెనే మింగిండు స్వామి. మా సమ్మె. ఔ, మాదే. మా అయ్య రాజయ్య గీ జాగలల్ల రాళ్ళు మోసిండు, మా అవ్వ గీ బిల్డింగులల్లనే నేల తుడిసింది, నేను పదేండ్ల సంది గీళ్ళను ఇంటి కాడ ఎక్కించుకొని ఇంటి కాడ దించుతున్న, ఏనాడన్న లోపలికి రా అన్నరా? నీళ్ళు తాగుతవా అన్నరా? గిప్పుడు దీపాలు ఆరంగనే మీ సమ్మె. గాని ఒక్క ముచ్చట మాత్రం ఉన్నది. దీపాలు లేకపోవుడు సమ్మెతోనే. అది అబద్ధం గాదు. అబద్ధమయితే ఎంత బాగుండు. ఆంధ్రోడు నిజం మాట్లాడితే మస్తు కోపమొస్తది.

నిద్ర అంట, నిద్ర! అజయ్ గాడు ఎన్నడన్న స్టీరింగ్ ముందల కన్ను మూసిండా? ఏ డ్రైవరునన్న అడుగు, చెప్తడు. వాని అంగి జేబుల దినాం నాలుగైదు పచ్చి మిరపకాయలుంటుండె. కూరగాయల బండి కాడ నిలబడి సన్నయి, కారమున్నయి ఏరి తెచ్చుకుంటుండె, బండామె తిట్టినా ఇనకపోతుండె. కన్ను బరువయితే ఒక్క కొరుకు. కండ్లల్ల నీళ్ళు, ముక్కుల నీళ్ళు, హుష్షు హుష్షు అనుకుంట, "బావా, నిద్ర నిజాంపేట దాకా ఉరికింది" అని నవ్వుతుండె. మందు ముట్టకపోతుండె. బండి కండిషన్ అంటవా, ఆ బండి నాది, ఆ నెలనే బ్రేకులు కొత్తయి ఏయించిన, ముందటి బల్బులు రెండు కొత్తయి, దసరాకు పూజ జేద్దామని కడిగి తుడిసి పెట్టుకున్న. స్పీడంటవా, అరవై. అరవై కంటె తక్కువ నడిపితే లేటయితది, లేటయితే ట్రిప్పులు పంపే మీ డెస్కోళ్ళే ఫోన్ జేసి సంపుతరు. మరి ఇగ ఏం మిగిలింది నీ కాయితంల? దవాఖానల పోలీసాయన ఒక ప్లాస్టిక్ కవరు చేతిల పెట్టిండు. వాని ఫోను, వాని దువ్వెన, పిడికిట్లకెళ్ళి తీసినమన్నరు, ఒక సగం కొరికిన మిరపకాయ. సగం! మిరపకాయ కొరికేటోడు ఎట్ల పండుకుంటడు సారూ? చేతిల కారం పెట్టుకొని ఎవడన్న నిద్రవోతడా? గా కవరు తీసి నీ మొఖం మీద కొడితే నీ టిక్కు యాడుంటది? కొట్టలే. వసంతకు సుత చూపలే. కంపెనీ ఇప్పుడు నడపనిచ్చిన గీ బండ్ల సీటు కింద, పాత బట్టల నడుమ దాసిండు. ఎందుకు దాసినవ్ రా స్వామీ అంటే, నిద్ర గాకపోతే మరేంది అని అడుగుతరు గదా. గా అడుగుడుకే భయం.

గచ్చిబౌలి చౌరస్తా కాడ కుక్కలు తొవ్వకు అడ్డంబడి పండుకున్నయి. హారన్ కొడితే లేసి తిట్టుకుంట పోయినయి. "కుక్కలు" అని రాసుకున్నడు సారు. రాసుకో, మా కుక్కలని రాసుకో. కంపెనీల ఒక్కొక్క డ్రైవరుకు ఒక్కొక్క నంబరుంటది, ఏ నంబరుకు ఏ ట్రిప్పని డెస్కోళ్ళు ఫోన్లకు పంపుతరు. ఒకని నంబరు మీద ఇంకొకడు పోవుడు డ్రైవర్ల నడుమ ఎప్పటికుండేదే. జ్వరమొచ్చినా, బోనాలున్నా, పెండ్లికి పోవాల్నన్నా, తమ్మీ జర నా నంబరు మీద పో అంటే పోతరు. కాయితంల మాత్రం అసలోడే పోయినట్టుంటది. డెస్కోళ్ళకు ఎరుకనే, ఎరుక లేనట్టుంటరు. ఆ రాత్రి కాయితంల స్వామి పోయిండు. అందుకే ఇంక తెల్లారకముందే డెస్కోడు వసంతకు ఫోన్ జేసి, అమ్మా, స్వామి యాక్సిడెంటుల పోయిండు అని చెప్పిండు. వసంత ఏడుపుకు గల్లీ అంత లేసింది. గాజులు పలగ్గొట్టుకోబోతే పక్కింటి సత్తెమ్మ రెండు చేతులు గట్టిగ పట్టుకున్నదంట. స్వామికి ఏమెరుక, లింగంపల్లిల సమ్మె టెంటుల పండుకున్నడు, ఫోన్ల చార్జింగ్ లేదు, లేసి మొఖం కడుక్కొని, ఛాయ్ తాగి, పాట పాడుకుంట ఇంటికి నడిసొచ్చిండు. వాకిట్ల మంది. మంది నడిమిట్ల వసంత. ఆమె తలెత్తి చూసింది. ఉరికొచ్చి మెడకు చుట్టుకున్నది, నవ్వింది, ఏడ్సింది, చెంప మీద ఒక్కటి పీకింది, అందరి ముందల ముద్దు పెట్టుకున్నది. పెండ్లయి తొమ్మిదేండ్లల్ల అంత సంబురంగ ఆమెను స్వామి ఎన్నడు చూడలే. సత్తెమ్మ స్వామి నోట్లె చక్కెర పోసింది. వచ్చినోళ్ళందరికి ఛాయ్ పెడతా అని వసంత స్టవ్ అంటిచ్చింది. అర్ధగంట, గడియారం పెట్టి చూస్తే అర్ధగంటనే. గప్పుడు పాలు పొంగొస్తుంటే చేతిల గంటె అట్లనే పట్టుకొని, వెనుకకు తిరిగి అడిగింది. "మరి బండ్ల ఎవలున్నరు?"

ఓ దేవుడా, గా మాట. దినాం చెవుల్ల మోగుతది, తింటుంటే మోగుతది, బండి స్టార్టు జేస్తే మోగుతది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, గ్యాస్ వాసన ఇల్లంత నిండింది, ఎవ్వలు బందు జెయ్యలే. ఆ తెల్లారి దవాఖాన మెట్ల మీద కూసొని వసంత ఇంకొక్కటి అడిగింది. "నిజం చెప్పు, నా తమ్ముడు నిద్రల పోయిండా? వానికి నొప్పి తెలిసిందా?" "నిద్రలనే పోయిండు, ఏం తెల్వలే వానికి" అన్నడు స్వామి. అబద్ధం ఎంత అల్కగ వచ్చిందో. ఆమె తల ఊపింది, కొంగు నోట్లె కుక్కుకున్నది, ఇగ మల్ల అడగలే. అంటే సోమేశ్వరరావు కాయితం, స్వామి అబద్ధం, రెండూ ఒక్కటే మాట చెప్తున్నయి. నువ్వు నేను ఒక్కటే సారూ, ఏం ఫికర్ జెయ్యకు. సంతకం పెడితే వసంతకు నిమ్మళం, నీకు నిమ్మళం, నాకు కొలువు. ఒక్క అజయ్ గాడే, నిద్రమొఖపోడు, చెప్పకుంట బండి తీస్కపోయిన దొంగ అయితడు. సచ్చినోడు లేసొచ్చి కొట్లాడుతడా? వాని పెండ్లాం రేణుకకు ఏడో నెల. ఆ పుట్టేది పెద్దదయినంక ఎవలన్న చెప్తరు, మీ నాయన నిద్రవోయి సచ్చిండని.

యూనివర్సిటీ గోడ మొదలయింది. కిలోమీటర్ల కొద్ది గోడ, గోడ మీదికెళ్ళి చెట్లు, ఒక్క ఇల్లు లేదు, ఒక్క దీపం లేదు. "ఇక్కడి నుంచి కాస్త నెమ్మదిగా పోనివ్వండి" అన్నడు సారు. స్వామి ఎడమ చెయ్యి ఉత్తగనే ప్యాంటు జేబులకు పోయింది. లోపల ఉన్నది వేలికి తాకింది. చిన్నది, చిటికెన వేలి గోరంత, ఇత్తడిది. లారీ టైరు వాల్వుల ఉండే పిన్ను. పన్నెండు దినాల సంది ప్యాంట్లు మారుతున్నయి, పిన్ను మాత్రం ఒక జేబులకెళ్ళి ఇంకొక జేబులకు మారుతనే ఉన్నది. పారెయ్యరాదూ? మూసీల ఇసిరెయ్యరాదూ? ఇసిరేద్దామని రెండుసార్లు చెయ్యెత్తిండు, చెయ్యి తెరుసుకోలే.

అజయ్ పోయిన రాత్రికి ముందటి పగలు లింగంపల్లి చౌరస్తల రాస్తారోకో. వేల మంది. జై తెలంగాణ అని అరిసి అరిసి గొంతులు పోయినయి. లారీలు, కార్లు, ట్యాంకర్లు గీ గోడ దాకా ఆగినయి. స్వామికి ఆ దినం ఉన్న హుషారు ఏం చెప్పాలె, పదేండ్ల సంది వెనుక సీటోళ్ళు ఆగమంటె ఆగి, పొమ్మంటె పోయిన మనిషి, ఆ దినం తొవ్వనంత ఆపిండు. లైను సివరన ఒక ఇసుక లారీ వెనుకకు మర్లబోయింది. ఏయ్, యాడికి పోతవ్ రా, అని పదిమంది ఉరికిండ్రు. ముందల ఉరికింది స్వామి. డ్రైవరుకు ఎరుక గదా యాడ తియ్యాల్నో. వెనుక టైర్లకు పిన్నులు ఊడబీకిండు. గాలి బుస్సుమని మొఖానికి కొట్టింది, సుట్టు ఉన్నోళ్ళు చప్పట్లు కొట్టిండ్రు, ఎవడో భుజం మీదికి ఎత్తుకున్నడు. ఒక పిన్ను జేబుల ఏసుకున్నడు, వసంతకు చూపిద్దామని. పొద్దుమీకినంక రాస్తారోకో ఎత్తేసిండ్రు, అన్ని బండ్లు కదిలిపోయినయి. గా లారీ ఒక్కటి కదల్లే. పంచర్ దుకాండ్లు సుత బందాయె. లారీ డ్రైవరు, క్లీనరు మొత్తుకొని మొత్తుకొని, బండిని ఆడనే ఇడిసిపెట్టి యాటో పోయిండ్రు. దీపం లేదు, అడ్డం రాయి లేదు, ఒక్క కొమ్మ సుత పెట్టలే. స్వామి టెంటు కాడికి పోయేటప్పుడు దాని పక్కపొంటనే నడిసి పోయిండు. చూసి నవ్విండు.

రాత్రి తొమ్మిదింటికి అజయ్‌కు ఫోన్ జేసిండు. తమ్మీ, నాకు మూడు గంటలకు లింగంపల్లిల ఒక మేడంను ఎక్కించుకునే ట్రిప్పుంది, పొద్దుగాల ఇక్కడ నడిరోడ్డు మీద వంటా వార్పు, నేను టెంటులనే పండుకుంట, నా నంబరు మీద నువ్వు పో. వాడు అప్పటికే పొద్దటి సంది నడిపి ఇంటికొచ్చి అన్నం ముందల కూసున్నడు. కాదనలే. "నువ్వుండు బావా, నేను పోత, మిరపకాయలు ఉన్నయి" అన్నడు. అని ఊకున్నడా, అడిగిండు, ఇయ్యాల ఏమేం జేసిండ్రు అని. స్వామి గొప్పలు పోయిండు. ఒక ఇసుక లారీకి గాలి తీసిన తమ్మీ, కదలకుంట ఆడనే పడ్డది. వాడు పకపక నవ్విండు. నవ్వి, "యాడ బావా?" అన్నడు. గంతే. యాడ అని అడిగిండు. చెప్తే ఒక్క మాట, యూనివర్సిటీ గోడ పక్కన, పైలం. అప్పుడే ఎవడో స్వామన్నా ఛాయ్ అని పిలిసిండు, వస్తున్న అనుకుంట ఫోన్ పెట్టేసిండు. ఛాయ్! పది గుటకల ఛాయ్. గీ ఒక్కటి ఏ గడిల రాస్తవ్ సారూ? దీనికి గడి కొట్టినవా నువ్వు?

"ఆపండి, ఇక్కడే" అన్నడు సోమేశ్వరరావు. పగిలిన అద్దం పెంకులు ఇంక తొవ్వ మీదనే ఉన్నయి, లైట్లకు మెరిసినయి. సారు దిగిండు. నీలం అంగి, నల్ల ప్యాంటు, చేతిల అట్ట. "చూడండి స్వామీ, లారీ ఉన్న చోట నేను నిలబడతాను. మీరు వెనక్కి వెళ్ళి, ఆయన వచ్చిన స్పీడులోనే రండి. కనిపించగానే బ్రేకు వెయ్యండి. మెలకువగా ఉన్నవాడికి తప్పకుండా కనపడుతుంది, అది తేలిపోవాలి." టార్చి ఆర్పి జేబుల పెట్టుకున్నడు. లారీకి లైటు లేదు కదండీ అన్నడు. స్వామి బిత్తరపోయిండు. ఏం మనిషి వీడు? నన్ను నమ్మి నా బండి ముందల నిలబడతనంటున్నడా, లేకుంటే వాని టిక్కు మీద గంత నమ్మకమా? ప్రాణమన్నా తీపి లేదా? నిలబడు, నిలబడు. నీ మొండితనం నాశనంగాను, నిలబడు.

వెనుకకు పోయి బండి తిప్పుకున్నడు. గేరేసిండు. నలభై, యాభై, అరవై. ఎవ్వలు లేరు. గోడ, చెట్లు, చీకటి. ఇప్పుడు కాలు జర లేటుగ పడితే? ఎవలు చూసిండ్రు? ఏ గడిల టిక్కు పెడతరు, ఎవలు పెడతరు, పెట్టేటోడే ఉండడాయె. డ్యూటీ మీద డ్యూటీ ఏయించినోడు నువ్వు, ఎనిమిది గంటలు పండుకున్నరని దొంగ లెక్క రాయించినోళ్ళు మీరు, నా బామ్మర్దిని నిద్రమొఖపోడన్నది నువ్వు. అద్దం మీద కండ్లు పెట్టిండు, గుడ్లు బయటికొచ్చేటట్టు చూసిండు. ఇంతట్ల ఎదురుంగ ఒక ట్యాంకరు ఫుల్ లైట్లు కొట్టుకుంట వచ్చింది. తెల్లగ, అంత తెల్లగ, కండ్లల్ల సున్నం పోసినట్టు. పోయింది. పోయినంక ఉన్నది చీకటి గాదు, చీకటి సుత కనబడని నలుపు. సారు యాడ? గోడ యాడ? నేను మేలుకునే ఉన్న, చూస్తనే ఉన్న, ఇంత చూస్తున్న, ఏం లేదేంది, ఓ అజయ్, నీకు గిట్లనే ఉండెనారా, కారం నోట్లె పెట్టుకొని గిట్లనే చూసినవా, ఏం లేదు, ఏం లేదు, తెల్లగ ఏందో ఒకటి రెపరెపలాడింది, మోకాలెత్తున కాదు, ఎదల కాడ, గాలికి. కాలు దానంతట అదే బ్రేకు మీద పడ్డది. టైర్లు కీచుమన్నయి, బండి అడ్డంబడి జారింది, ఆగింది.

సారు మోకాలికి బంపరుకు నడుమ జానెడు జాగ ఉన్నది. స్వామి దిగిండు. సోమేశ్వరరావు అట్లనే నిలబడ్డడు, కదల్లే, అట్ట ఎదకు అదుముకున్నడు, పెదాలు తెల్లగయినయి. అట్లనే అడిగిండు. "ఎంత దూరంలో కనిపించానండీ?"

"మీరు కనబడలే సారు. మీ చేతిల కాయితం కనబడ్డది."

సారు ఒంగి కాయితం చూసుకున్నడు, మొదటిసారి చూస్తున్నట్టు. "మేలుకొని ఉన్న నేనే మిమ్మల్ని సంపుతుంటి. లారీకి కాయితం లేదు గదా సారు" అన్నడు స్వామి. గొంతుల కోపం ఉంటదనుకున్నడు, లేదు, యాడికి పోయిందో ఏమో. సారు జేబులకెళ్ళి పెన్ను తీసిండు. నిద్రమత్తు గడిల టిక్కును ఒకసారి కొట్టేసిండు, మల్ల దాని మీదనే ఇంకొకసారి, కాయితం చిరిగేటట్టు కొట్టేసిండు. "నేనే తప్పు రాశాను" అన్నడు. అని టార్చి ఎలిగిచ్చి కింది గడి చూపిచ్చిండు. ఆగి ఉన్న వాహనం, కారణం. "ఇదొక్కటే ఖాళీ. ఆ లారీ ఇక్కడ ఎందుకు ఆగిపోయిందో ఎవరూ చెప్పడం లేదు. ఇసుక ఓనరు మాట్లాడడు, డ్రైవరు దొరకలేదు. మీకేమైనా తెలుసాండీ?"

తెల్వదు అంటె అయిపోతది. పన్నెండు దినాల సంది తెల్వదు అనే మాట నాలుక మీదనే పెట్టుకొని తిరుగుతున్నడు. జేబులకెళ్ళి చెయ్యి తీసిండు, ఈసారి తెరుసుకున్నది. పిన్ను తీసి కాయితం మీద, ఆ ఖాళీ గడి మీదనే పెట్టిండు. టార్చి వెలుగుల ఇత్తడి మెరిసింది.

"లారీ టైరుది. నేనే తీసిన. బామ్మర్దిని నా నంబరు మీద పొమ్మన్నది నేనే. లారీ యాడుందని వాడు అడిగిండు సారు, నేను చెప్పలే. అన్ని రాయుండ్రి, నా పేరుతోటి రాయుండ్రి, సంతకం పెడత. గాని పొద్దెక్కేదాక ఎవ్వలికి పంపకుండ్రి. మా ఇంటిది మల్లొకసారి ఫోన్ల ఇనొద్దు. నేను పోయి, ఎదురుంగ కూసొని చెప్పాలె. నీ తమ్ముడు పండుకోలే వసంతా, మేలుకునే ఉన్నడు, అని."